గిన్నెలో డ్రై ఫుడ్ అలాగే ఉండిపోతోందా? మీ కుక్క ఇష్టంగా తినాలంటే ఇలా చేయండి

మా బుజ్జి గిన్నె దగ్గరికి వచ్చేది. గుళికల మీద ముక్కు ఆనించేది. ఒక్క గుళికను ముందుపళ్ళతో తీసి నేల మీద పెట్టి, దాన్ని మళ్ళీ వాసన చూసి, అక్కడే వదిలేసి వెళ్ళి అమ్మమ్మ మంచం కింద పడుకునేది. విజయవాడ పటమటలో మా ఇంట్లో కొన్ని నెలల పాటు రోజూ పొద్దున్నే ఇదే తంతు. ఇప్పుడు అదే గిన్నెను ఐదు నిమిషాల్లో నాకేస్తోంది. ఇందుకోసం ఖరీదైన సంచి కొనలేదు. గుళికల వాసన మారింది, పెట్టే వేళ మారింది, పెట్టే చెయ్యి మారింది. ఏది ఎలా మార్చానో వరసగా చెబుతాను.

బుజ్జి 14 కేజీల నాటు కుక్క. లెక్కలన్నీ దాని బరువుకు చెబుతున్నాను, మీ కుక్క బరువును బట్టి సర్దుకోండి. ఇక్కడ చాలామంది ఏ కంపెనీ డ్రై ఫుడ్‌నైనా పెడిగ్రీ అనే పిలుస్తారు. నేను చెప్పేది ఏ కంపెనీ గుళికలకైనా పనికొస్తుంది.

ముందు జబ్బు కాదని తేల్చుకోండి

ఈ మెట్టు దాటకుండా మిగతావి మొదలుపెట్టకండి. నేను దీన్ని దాటవేసి తప్పు చేశాను. ఒకసారి బుజ్జి తినడం మానేస్తే మారాం చేస్తోందనుకుని రెండు రోజులు గిన్నెలో రకరకాలు కలిపాను. మూడో రోజు ఉడికించిన చికెన్ ముక్క నోటి దగ్గర పెట్టినా తల తిప్పేసుకుంది. చెవి పట్టుకుంటే కాలిపోతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. డాక్టర్ రక్తపరీక్ష చేయించి టిక్ ఫీవర్ అన్నారు. గోమార్లు కుట్టడం వల్ల వచ్చే జ్వరం అది. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. దాదాపు నెల రోజులు మాత్రలు వాడాక కోలుకుంది. ఆ రెండు రోజులూ నేను దాన్ని విసుక్కున్నది తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే ఇప్పుడు చేసే మొదటి పని ఇది. కుక్కకు బాగా ఇష్టమైనది, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెన్ లాంటిది, ఒక్క ముక్క చూపించండి. అది కూడా వద్దంటే సమస్య గుళికల్లో లేదు, ఒంట్లో ఉంది. మెత్తనిది తిని గట్టిది వదిలేస్తుంటే పళ్ళు చూడండి. నోరు కంపు కొడుతున్నా, పళ్ళ మొదళ్ళలో గోధుమరంగు గార పేరుకున్నా, ఒక పక్కనే నములుతున్నా అది పంటినొప్పి కావచ్చు. వయసు మళ్ళిన కుక్కల్లో ఇది చాలా ఎక్కువ. తర్వాత చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి. చిగుళ్ళే నల్లగా ఉండే కుక్కలకు కింది కనురెప్ప లోపలివైపు చూడండి.

పెద్ద కుక్క 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టర్‌కు చూపించాలి. చిన్న పిల్లయితే పూట దాటనివ్వకండి, వాటికి రక్తంలో చక్కెర త్వరగా పడిపోతుంది. పిల్లకు వాంతులతో పాటు రక్తవిరేచనాలు కూడా ఉంటే అది పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు, వెంటనే బయలుదేరండి. మన చుట్టుపక్కల వాళ్ళకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, ఊళ్ళోనూ డాక్టర్లు ఉన్నారు. రాత్రిపూట ఎవరు చూస్తారో ముందే కనుక్కుని ఫోన్ నంబరు రాసి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

తర్వాత సంచిలో ముక్కు పెట్టండి

కుక్కకు నాలుక కంటే ముక్కు ముఖ్యం. మన నాలుక మీద రుచి మొగ్గలు 9,000 దాకా ఉంటే కుక్కకు 1,700 దాకానే ఉంటాయి. వాసన పట్టే కణాల విషయంలో లెక్క తలకిందులు. మనకు 50, 60 లక్షలుంటే దానికి 10 కోట్ల పైమాటే. అందుకే గిన్నె ముందు నిలబడిన కుక్క తినాలా వద్దా అన్నది ముక్కుతోనే తేల్చుకుంటుంది.

గుళికలు తయారయ్యాక వాటి పైన కొవ్వు, రుచినిచ్చే పూత చల్లుతారు. వాసన చాలావరకు ఆ పూతదే. సంచి తెరిచిన రోజు నుంచి ఆ కొవ్వుకు గాలి తగులుతుంది. మన ఎండకూ, కృష్ణ ఒడ్డు ఉక్కకూ అది ఇంకా త్వరగా పాడవుతుంది. నెల దాటిన జంతికల డబ్బా మూత తీస్తే ఒక నూనె కంపు వస్తుంది చూడండి, అదే. మనకు కొంచెంగా తెలిసే ఆ కంపు కుక్కకు ఎంత ఘాటుగా తగులుతుందో ఊహించుకోండి.

మొదట్లో నేను ఒక షాపులో లూజుగా, కేజీల లెక్కన కొనేదాన్ని. పెద్ద సంచి మూతి తెరిచి ఉండేది, ఎప్పుడు తెరిచారో అడిగితే చెప్పేవాళ్ళు లేరు. చవకగా వస్తోందని తెచ్చాను, సగానికి పైగా పారబోశాను. లూజుగా కొనకండి. సీలు ఉన్న చిన్న సంచి కొనండి. బుజ్జికి రోజుకు 200 గ్రాములు పడుతుంది కాబట్టి 3 కేజీల సంచి పదిహేను రోజులకు సరిపోతుంది. 10 కేజీలది తీసుకుంటే కేజీకి కొంత మిగులుతుంది కానీ అయిపోయేసరికి యాభై రోజులు, చివరి సగాన్ని అది ముట్టదు. తెరిచాక నెల రోజుల్లో అయిపోయే సైజు చూసుకోండి. తెరిచిన తేదీని సంచి మీద మార్కర్‌తో రాయండి.

గుళికలను డబ్బాలో ఒంపేయకండి. పాత కొవ్వు డబ్బా గోడలకు అంటుకుని కొత్త సంచిని కూడా చెడగొడుతుంది. సంచిలోని గాలి నొక్కేసి, మూతి మడిచి క్లిప్ పెట్టి, సంచిని సంచిగానే బియ్యం డబ్బాలాంటి స్టీలు డబ్బాలో దించండి. పొయ్యి పక్కన, బాల్కనీలో, మేడ మీది రేకుల గదిలో ఉంచకండి. ఫ్రిజ్‌లోనూ వద్దు, తీసి పెట్టినప్పుడల్లా చెమ్మ పట్టి బూజు వస్తుంది.

వేడినీళ్ళ పద్ధతి

పాడవని గుళికలు ఇంట్లో ఉన్నాయనుకుందాం. ఇప్పుడు ఏదీ కొనకుండా, ఏదీ కలపకుండా చేసే పని ఒకటుంది. నా అనుభవంలో పదింట ఏడు పాళ్ళు పని ఇక్కడే అయిపోతుంది. కానీ ఇంత తేలిక పని వల్ల ఏమవుతుందిలే అని చాలామంది దీన్ని వదిలేసి నేరుగా చికెన్ కలపడానికి వెళ్ళిపోతారు.

పూటకు పెట్టే గుళికలను స్టీలు గిన్నెలో వేయండి. కప్పు గుళికలకు అరకప్పు నీళ్ళు. మసిలే నీళ్ళు కాదు, వేలు ముంచితే హాయిగా ఓర్చుకోగలిగినంత వేడి. పైన పళ్ళెం మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. మూత తీసే ముందు కుక్క దగ్గరలో ఉండేలా చూసుకోండి. పళ్ళెం ఎత్తగానే మాంసం ఉడికిన వాసన ఒక్కసారిగా గదిలోకి వస్తుంది. పొడిగా ఉన్నప్పుడు గుళికలోనే దాక్కున్న వాసన అది, ఆవిరితో పాటు పైకి లేస్తుంది. మొదటిసారి మూత తీసినప్పుడు మంచం కింద పడుకున్న బుజ్జి తల ఎత్తింది, ముక్కుపుటాలు అదిరాయి, ఆ తర్వాత లేచి వచ్చింది. ఆ రోజు నేను గిన్నెలో వేరే ఏమీ వేయలేదు.

గుళిక వేళ్ళ మధ్య నొక్కితే పైన మెత్తగా, లోపల కొంచెం గట్టిగా ఉండాలి. పూర్తిగా ముద్దయిపోతే కొన్ని కుక్కలు ఇష్టపడవు. మీ కుక్కకు కరకరలాడేదే ఇష్టమైతే నీళ్ళు తగ్గించి, పోసిన వెంటనే ఒక్కసారి కలిపి పెట్టేయండి. పంటినొప్పి ఉన్నవాటికీ, ముసలివాటికీ మాత్రం ఇరవై నిమిషాలు నాననివ్వండి. పెట్టే ముందు మధ్యలో వేలు పెట్టి వేడి చూడండి. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది, తిండి అంతకు మించి వేడిగా ఉండనక్కర్లేదు.

ఎండాకాలంలో దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. పొడి గుళికల్లో తడి పది శాతం దగ్గరే. రోహిణి కార్తెలో కుక్కలు నీళ్ళ గిన్నె దగ్గరికి వెళ్ళడానికి కూడా బద్ధకిస్తాయి. నానబెట్టి పెడితే తిండితో పాటే నీళ్ళు లోపలికి వెళ్తాయి.

ఒక జాగ్రత్త. పొడి గుళికలు గిన్నెలో కాసేపున్నా ఫరవాలేదు, తడిపినవి ఉండకూడదు. మన ఎండలకు త్వరగా పులుపు మొదలవుతుంది. మిగిలింది పారేయండి, మళ్ళీ పూటకు దాచకండి. గిన్నెను సబ్బుతో కడిగి బాగా తొలవండి, సబ్బు వాసన ఉన్నా అది తినదు. తడి తిండికి చీమలు ఇట్టే పడతాయి. గిన్నెను నీళ్ళు పోసిన వెడల్పాటి పళ్ళెంలో పెడితే రావు.

ఉత్త నీళ్ళు చాలకపోతే చికెన్ నీళ్ళు

వేడినీళ్ళతో మూడు నాలుగు రోజులు చూశాక కూడా సగం వదిలేస్తుంటే ఇది చేయండి. చికెన్ షాపులో తోలు తీసిన మెడ ముక్కలు, ఎముకలు అరకేజీ తెచ్చుకోండి. కడిగి లీటరున్నర నీళ్ళలో సన్నమంట మీద గంటసేపు మరిగించండి. ఉప్పు వద్దు, పసుపూ కారం వద్దు, ఉల్లిపాయ, వెల్లుల్లి అసలే వద్దు. ఈ రెండూ కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. పచ్చివైనా, వేయించినవైనా, పొడి రూపంలో ఉన్నా అంతే. అందుకే షాపుల్లో దొరికే సూపు క్యూబులు, సూపు పొడులు కూడా పనికిరావు, వాటిలో ఉల్లీ ఉప్పూ రెండూ ఉంటాయి. ఆదివారం బిర్యానీలో మిగిలిన గ్రేవీ కూడా ఇదే లెక్కలోకి వస్తుంది.

మరిగాక వడకట్టి ఎముకలన్నీ పారేయండి. ఉడికిన ఎముక సూదుల్లా చీలుతుంది, గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. వీధి కుక్కలకు కూడా అవి వేయకండి. నీళ్ళు చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే పొద్దునకు పైన తెల్లటి కొవ్వు గడ్డ కడుతుంది. దాన్ని చెంచాతో పూర్తిగా తీసేయండి. ఒక్కసారిగా కొవ్వు ఎక్కువైతే కుక్కకు క్లోమం వాచిపోతుంది, అది ప్రాణం మీదకు తెచ్చే జబ్బు. మిగిలిన నీటిని ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించండి. పూటకు రెండు ముక్కలు వేడినీళ్ళలో కరిగించి, ఆ నీటితో గుళికలు నానబెట్టండి. ఒక్కో ట్రే మూడు నాలుగు రోజులు వస్తుంది.

పైన కలిపేవి, ఎంతవరకు

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, ప్రేమ కొద్దీ. డ్రై ఫుడ్ మంచిదైతే కుక్కకు కావాల్సినవన్నీ అందులోనే లెక్కగా ఉంటాయి. పైన వేసేవి రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు, లేకపోతే ఆ లెక్క చెడుతుంది. బుజ్జిలాంటి 14 కేజీల కుక్కకు రోజుకు సుమారు 800 కేలరీలు కావాలి. పదో వంతు అంటే 80. ఒక ఉడికించిన కోడిగుడ్డే 70 దాటుతుంది. గుడ్డు పెట్టిన రోజు ఇంకేమీ లేదన్నమాట, అంత మేరకు గుళికలు కూడా ఒక ఇరవై గ్రాములు తగ్గించాలి. 5 కేజీల పొమేరియన్‌కు సగం గుడ్డే ఎక్కువ.

నేను వారంలో రెండు రోజులు సగం గుడ్డు పెడతాను. మిగతా రోజుల్లో తియ్య గుమ్మడికాయ ఉడికించి మెదిపి రెండు చెంచాలు. దానిలో కేలరీలు తక్కువ, వాసన బాగుంటుంది, విరేచనం సాఫీగా అవుతుంది. రైతు బజార్లో ఒక చెక్క తెచ్చుకుంటే చాలా రోజులు వస్తుంది. సొరకాయ, బీరకాయ, క్యారెట్ కూడా పనికొస్తాయి, తాలింపు లేకుండా. బీరకాయ చేదు లేదని ముందు మీరు రుచి చూడండి. పుల్లగా లేని పెరుగు ఒక చెంచా వేయొచ్చు, కానీ కొన్ని కుక్కలకు పాలపదార్థాలు పడవు, రెండు రోజులు విరేచనం గమనించుకోండి.

ఇంట్లో చేపలు తెచ్చుకున్న రోజు రాగండి, బొచ్చె లాంటి వాటి నుంచి ఒక ముక్క విడిగా ఉడికించి ముళ్ళన్నీ వేళ్ళతో వెతికి తీసేయండి. రెండుసార్లు వెతకండి, వీటిలో సన్నముళ్ళు ఎక్కువ. ముళ్ళు తక్కువని నేను కొరమేనుకే ఓటేస్తాను. ఎండుచేపల వాసనకు ఏ కుక్కైనా పరుగెత్తుకొస్తుంది కానీ వాటి నిండా ఉప్పే, వాటి జోలికి పోకండి. నెయ్యి చుక్క వేస్తే తింటుంది కదా అంటారు. తింటుంది, రోజూ వేస్తే లావెక్కుతుంది.

ఏది వేసినా పైన అలంకరించినట్టు పెట్టకండి, ఏరుకుని తిని గుళికలు వదిలేస్తుంది. పప్పన్నం కలిపినట్టు చేత్తో పిసికి, ప్రతి గుళికకూ అంటేలా కలపండి.

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్క మూత్రపిండాలను పాడుచేస్తాయి. పండగ రోజు పరమాన్నం గిన్నె నాకించే ముందు ఇది గుర్తుండాలి, కొన్ని కిస్‌మిస్‌లతోనే ప్రమాదం రావచ్చు. చాక్లెట్ వద్దు. షుగర్‌లెస్ చూయింగ్ గమ్ములలో, కొన్ని పీనట్ బటర్లలో తీపి కోసం వేసే జైలిటాల్ చాలా ప్రమాదం. ఇవి పొరపాటున తింటే లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి.

వేళ, చోటు, చెయ్యి

గిన్నె రోజంతా నిండుగా ఉంటే ఏ కుక్కకూ తినాలనిపించదు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పెట్టండి. 20 నిమిషాలు చూసి, తినకపోతే మాట్లాడకుండా తీసేయండి. మళ్ళీ పూట దాకా గిన్నె రాదు, బిస్కెట్టూ రాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క ఒక పూట మానేసినా ఏమీ కాదు. మూడు నాలుగు రోజుల్లో వేళకు ఆకలి అలవాటవుతుంది. పిల్లలకూ, జబ్బు చేసినవాటికీ, షుగరు మందులు వాడేవాటికీ ఈ పద్ధతి వద్దు. పిల్లలకు రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టాల్సిందే.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరింటికల్లా, రాత్రి ఎనిమిది తర్వాత పెట్టండి. ఆ ఎండలకు మనకే అన్నం సహించదు, వాటికీ అంతే. గిన్నె పెట్టే ముందు కాసేపు తిప్పితే ఆకలి బాగా వేస్తుంది, కానీ రాగానే పెట్టకుండా అరగంట ఆగండి. ముఖ్యంగా జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలు తిన్న వెంటనే పరుగెత్తితే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది.

గిన్నె ఎక్కడుందో కూడా చూడండి. మాది వంటింటి గుమ్మం దగ్గర ఉండేది, కుక్కర్ విజిల్ వేసిన ప్రతిసారీ బుజ్జి ఉలిక్కిపడి వెళ్ళిపోయేది. నున్నటి గ్రానైట్ మీద గిన్నె జారేది కూడా. హాల్లో ఒక మూలకు మార్చి కింద పాత గోనెపట్టా వేశాం.

చివరిగా అమ్మమ్మ. రోజూ ఆవిడ భోంచేసేటప్పుడు మంచం కిందికి ఒక పప్పన్నం ముద్ద జారేది. ముద్ద వస్తుందని తెలిసిన కుక్క గుళికల కోసం ఎందుకు లేస్తుంది?

"నోరులేని జీవమే, ఉత్త గుళికలు ఎట్లా మింగుతుందే?" అంది నేను అడ్డుపడితే.

"నువ్వే పెట్టు అమ్మమ్మా, వద్దనను. కానీ దాని గిన్నెలోనే పెట్టు," అన్నాను.

అప్పటి నుంచి గిన్నె కలిపే పని ఆవిడదే. చెంచాల లెక్క నేను చెప్పాను. గుమ్మడికాయ మెదిపి, గుళికల్లో కలిపి, మొదటి నాలుగైదు రోజులు రెండు ముద్దలు చేత్తో అందించి గిన్నె ముందుకు జరిపేది. తర్వాత చేత్తో పెట్టడం మానిపించాను, లేకపోతే అదే అలవాటైపోతుంది. ఇప్పుడు ఆవిడ భోంచేస్తుంటే బుజ్జి మంచం కింద ఊరికే పడుకుంటుంది. ఇంట్లో ఇలా దాచిపెట్టి తినిపించేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళతో గొడవపడకండి, గిన్నె వాళ్ళ చేతికివ్వండి.

తర్వాత రెండు వారాలు

ఇష్టంగా తినడం మొదలయ్యాక పైన కలిపేవి మెల్లగా తగ్గించండి, వేడినీళ్ళు మాత్రం ఉంచండి. కంపెనీ మార్చాల్సి వస్తే ఒక్కరోజులో మార్చకండి. పాతదాంట్లో కొత్తది మొదటి రెండు మూడు రోజులు పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు వంతు కలుపుతూ 7 నుంచి 10 రోజుల్లో పూర్తిగా మారండి. లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి, కొత్తది పడలేదని మీరు అనుకుంటారు.

వారానికోసారి బరువు చూడండి. నేను బుజ్జిని ఎత్తుకుని మిషన్ మీద నిలబడతాను, తర్వాత ఒక్కదాన్నే నిలబడి తీసివేస్తాను. పక్కటెముకల మీద అరచేత్తో నిమిరితే ఎముకలు చేతికి తగలాలి, కంటికి పొడుచుకుని కనిపించకూడదు. వేళ్ళతో వెతుక్కోవాల్సి వస్తే రోజుకు 20 గ్రాముల గుళికలు తగ్గించండి. బక్కచిక్కుతుంటే 20 గ్రాములు పెంచండి, పెంచేది గుళికలనే. వేళకు తింటూనే చిక్కిపోతుంటే మాత్రం డాక్టర్‌కు చూపించి రక్తపరీక్ష చేయించండి.